పుట్టిన ప్రతి బిడ్డకూ థైరాయిడ్ పరీక్ష చేయాల్సిందే

థైరాయిడ్ అనగానే మన ఇళ్లలో మాట బరువు మీదికో, ఊడిపోయే జుట్టు మీదికో, నెలసరి మీదికో పోతుంది. క్యాబేజీ తినవచ్చా, మాత్ర వేసుకున్నాక కాఫీ ఎప్పుడు తాగాలి, చర్చంతా అక్కడే తిరుగుతుంది. ఆ గ్రంథి చేసే అన్నిటికన్నా పెద్ద పని పసిబిడ్డ మెదడును నిర్మించడం. దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం కనిపించరు. నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని. థైరాక్సిన్ లోపిస్తే పిల్లల్లో వచ్చే వ్యాధి పేరేమిటి అని ఒక మార్కు ప్రశ్న అడుగుతాం, పిల్లలు 'క్రెటినిజం' (ఒళ్లూ బుద్ధీ సరిగా ఎదగకపోవడం) అని రాసేస్తారు. ఆ వ్యాధిని ఆపగలమని, ఆపడానికి కొన్ని చుక్కల రక్తం చాలని వాళ్లకు ఎవరూ చెప్పరు. రేపు తల్లిదండ్రులయ్యేది వాళ్లే కదా!

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. మా బంధువుల్లో ఒక పాపకు ఏడాది నిండుతున్నా కూర్చోవడం రాలేదు. తిరిగిన ప్రతి చోటా 'కొంతమంది పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు' అన్నారు. చివరికి ఒక పిల్లల డాక్టరు, థైరాయిడ్ లోపాన్ని రక్తంలో పట్టిచ్చే టీఎస్‌హెచ్ పరీక్ష రాస్తే పాపకు ఆ లోపం ఉందని బయటపడింది. మాత్ర మొదలుపెట్టగానే పాప ఒంట్లో చురుకు వచ్చింది, ఎత్తు పెరిగింది. మెదడు మాత్రం పోగొట్టుకున్న నెలలను పూర్తిగా తిరిగి తెచ్చుకోలేకపోయింది.

ఎందుకు తెచ్చుకోలేదో అర్థం కావాలంటే థైరాయిడ్ హార్మోన్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. గొంతు ముందున్న చిన్న గ్రంథి రక్తంలోంచి అయోడిన్‌ను పట్టుకుని, ఒక్కో అణువులో నాలుగేసి అయోడిన్ పరమాణువులు ఉండే థైరాక్సిన్‌ను తయారుచేస్తుంది. అదే టీ4. కణజాలాల్లోకి చేరాక అందులోంచి ఒక అయోడిన్ తొలగి, మరింత చురుకైన టీ3 అవుతుంది. ఆ టీ3 కణ కేంద్రకంలోకి వెళ్లి ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్దేశిస్తుంది. పెద్దవాళ్లలో గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక దాని అదుపులోనే ఉంటాయి. పసిబిడ్డలో వాటితోపాటు నాడీకణాలు తమ స్థానాలకు చేరడం, ఒకదానితో ఒకటి కలవడం, వాటి తంతువుల చుట్టూ సంకేతాలు వేగంగా సాగేలా చేసే మైలిన్ అనే తొడుగు ఏర్పడడం కూడా దానిమీదే ఆధారపడతాయి. మొదటి రెండు మూడేళ్లు, అందులోనూ మొదటి వారాలు, ఈ పనికి కీలకం. పెద్దవాళ్లకు హార్మోన్ తగ్గితే వచ్చే నీరసం మందుతో పోతుంది. పసిబిడ్డ మెదడుకు ఆ వెసులుబాటు లేదు.

ఈ హార్మోన్ లోపంతో పుట్టే బిడ్డలు పుట్టినప్పుడు చాలావరకు మామూలుగానే కనిపిస్తారు. తల్లి థైరాక్సిన్ మాయ గుండా కొంత అందుతుంది కాబట్టి తొలిరోజుల్లో ఏమీ బయటపడదు. తర్వాత లక్షణాలు ఒక్కొక్కటిగా వస్తాయి: తగ్గని కామెర్లు, మలబద్ధకం, చల్లని చర్మం, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, పొంగిన బొడ్డు, పాలు తాగుతూ తాగుతూనే నిద్ర. ఇవన్నీ వేగం తగ్గిన శరీరం ఇచ్చే సూచనలే. ఇంట్లో వాళ్లు వీటిని చూసి ఏమంటారు? 'మా బంగారుకొండ, రాత్రంతా కదలకుండా పడుకుంటాడు, అసలు ఏడవనే ఏడవడు' అని మురిసిపోతారు. కామెర్లకు ఎండలో పెడతారు, బొడ్డుకు గుడ్డ కడతారు. వాళ్లది ప్రేమే, తప్పు పట్టలేం. కానీ కంటికి కనిపించేదాకా ఆగితే ఆలస్యం అయిపోతుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలంటున్నాను.

ఆ పరీక్ష కూడా శరీరం తనను తాను అదుపు చేసుకునే పద్ధతి మీదే ఆధారపడింది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే మెదడు కింద ఉండే పీయూష గ్రంథి ఊరుకోదు, ఇంకా తయారుచేయమని టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. థైరాయిడ్ సరిపడా ఇస్తే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. బిడ్డలో ఆ గ్రంథే ఏర్పడకపోతే, లేదా ఏర్పడినా హార్మోన్ తయారుచేయలేకపోతే, టీఎస్‌హెచ్ పెరుగుతూనే పోతుంది. మడమ మీద చిన్న సూదిపోటుతో కొన్ని చుక్కలు తీసి ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపితే ఆ సంగతి తెలుస్తుంది. పుట్టగానే టీఎస్‌హెచ్ సహజంగానే ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది కాబట్టి మడమ రక్తం 48 గంటల తర్వాత తీయడం మంచిది. అంతకుముందే ఇంటికి పంపేస్తే? దానికీ మార్గం ఉంది, బొడ్డుతాడు రక్తంతో చేయవచ్చు. ఫలితం అనుమానంగా ఉంటే సిర నుంచి రక్తం తీసి నిర్ధారిస్తారు. తర్వాత చికిత్స రోజుకొక మాత్ర. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే ఈ పిల్లలు దాదాపు అందరూ తోటివాళ్లతో సమానంగా చదువుకుంటారు, ఆడుకుంటారు.

కెనడాలోని క్యూబెక్‌లో ఈ పరీక్ష 1970లలోనే మొదలైంది. తర్వాత ఎన్నో దేశాలు దాన్ని మామూలు వ్యవహారంగా మార్చేశాయి. ప్రపంచంలో సుమారు 2,000 నుంచి 4,000 మంది శిశువుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుందని అంచనా. హైదరాబాద్ కూడా ఒక కేంద్రంగా భారత వైద్య పరిశోధన మండలి జరిపిన అధ్యయనంలో మన దేశంలో ఇది దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉందని తేలింది. అంటే మన దగ్గర మరింత ఎక్కువ. హార్మోన్ తయారీలో జన్యులోపం ఉండే రకానికి మేనరికాలు అవకాశం పెంచుతాయి కాబట్టి తెలుగువాళ్లం మరింత జాగ్రత్తపడాలి.

ఇంత తెలిసీ, 2013లో మొదలైన, పిల్లల్లో లోపాలను ముందే గుర్తించే కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ వ్యాధిని రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. బిడ్డ మెదడు ఐచ్ఛికమా? కేరళ తన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు ఈ పరీక్ష చేయిస్తోంది. మన రెండు రాష్ట్రాలూ బాలింతలకు సబ్బులు, నూనె, దోమతెరలతో కిట్లు ఇచ్చిన చరిత్ర ఉన్నవే. ఆ కిట్లు మంచివే. వాటిని ప్రతి ప్రసూతి వార్డుకూ చేర్చగలిగిన యంత్రాంగం రక్తపు చుక్కల కాగితాన్ని ల్యాబ్‌కు చేర్చలేదంటే నేను నమ్మను. పుట్టే బిడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టినా కార్పొరేట్ ఆసుపత్రిలో పుట్టినా అడగకుండానే ఈ పరీక్ష జరగాలి.

ఇంట్లో వచ్చే అడ్డంకులూ తక్కువేమీ కాదు. 'పసిగుడ్డుకు హార్మోన్ మాత్రలా? జీవితాంతం అలవాటు పడిపోతాడు' అంటారు. అలవాటు అన్న మాటే ఇక్కడ వర్తించదు. గ్రంథి ఇవ్వాల్సిన థైరాక్సిన్‌నే మాత్ర రూపంలో ఇస్తున్నాం, కొత్త పదార్థమేదీ ఒంట్లోకి పంపడం లేదు. పైగా కొందరు పిల్లల్లో ఈ లోపం తాత్కాలికం. మూడేళ్లు నిండాక డాక్టరు మాత్ర ఆపి చూసి, అవసరం లేదనుకుంటే మానేయిస్తారు. సొంతంగా ఆపడం మాత్రం మహాపాపం. ఇంకొందరు నేరుగా కోడలి మీద పడతారు, కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినలేదని. చాలామంది బిడ్డల్లో ఆ గ్రంథి సరిగా ఏర్పడకపోవడమే కారణం, తల్లి తిండికీ దానికీ సంబంధం లేదు.

తల్లి గురించి నిజంగా పట్టించుకోవాల్సింది వేరే ఉంది. గర్భం తొలి నెలల్లో బిడ్డకు సొంత థైరాక్సిన్ ఉండదు, తల్లి రక్తంలోదే ఆధారం. అప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్న ఆడవాళ్లకు ఆ సమయంలో మోతాదు పెంచాల్సి వస్తుంది. మన దగ్గరేమో 'కడుపుతో ఉన్నప్పుడు మందులు మంచివి కావు' అని ఉన్నదాన్నే మాన్పించే పెద్దవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతుంటే ఇప్పుడే డాక్టరును అడగండి, బిడ్డకు టీఎస్‌హెచ్ పరీక్ష ఎప్పుడు చేస్తారని. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కొన్ని వారాల తర్వాత రెండోసారి కూడా చేయాలి, ఎందుకంటే వాళ్లలో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరగవచ్చు. డిశ్చార్జి కాగితాల్లో ఫలితం రాసి ఉందో లేదో చూడండి. 'అన్నీ బాగున్నాయి' అన్న నోటిమాటతో సరిపెట్టుకోకుండా అంకె అడిగి తీసుకోండి.