తాకట్టు వ్యాపారి బంకమట్టి గారికి బాకీదార్ల ఉత్తరం

జయపురం, కొరాపుట్ జిల్లా.

మహారాజశ్రీ బంకమట్టి గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి ముద్దల్లో చిక్కిన బంగారాన్ని కడిగి తీసుకునే మాకు, తమరు క్షేమంగానే ఉన్నారని తెలుసు. మా చెప్పులకీ, పారకీ, గోళ్ల సందులకీ, మోటారు సైకిలు మడ్‌గార్డుకీ తమరి క్షేమసమాచారం రోజూ అందుతూనే ఉంది. ఒడియాలో చికిటా మాటి అన్నా, తెలుగులో జిగురుమన్ను అన్నా, సరిహద్దుకి ఇటూ అటూ తమరి పట్టు ఒక్కటే. కనీసం ఈ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలకీ పేచీ లేదు.

ఇక తమరి వ్యాపారం సంగతి. బజారులో బంగారం తాకట్టు పట్టేవాళ్లు తూకం వేస్తారు, చీటీ రాసిస్తారు, గడువు చెబుతారు. తమరు చీటీ ఇవ్వరు, తూకం చెప్పరు, అసలు సరుకు తమరి దగ్గరుందో లేదో కూడా చెప్పరు. టన్నుకి ఒక గ్రాము బంగారం పలికే మన్ను దొరికిందనుకుందాం. 30 కిలోల బస్తాకి వచ్చేది 0.03 గ్రాము. గురివింద గింజ ఎత్తులో పావు వంతు. అది కూడా ఒక్క రవ్వగా కాదు, కంటికి ఆనీ ఆనని పిండిగా, తమరి ముద్దల నిండా చల్లి ఉంటుంది. అది విడిపించుకోవడానికి మేం కట్టే వడ్డీ ఎండ, నీళ్లు, సోడా, భుజాల నొప్పి.

చట్టం కూడా తమరి పక్షమే. 1957 నాటి గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా బంగారం కోసం తవ్వితే మేం దోషులం. దాచుకోవడానికి మాత్రం తమరికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. కాబట్టి కింద రాసేదంతా అనుమతి ఉన్నచోట తీసిన మన్ను గురించేనని మనవి.

ముందుగా తమరి పేరు చెప్పుకుని జరిగే మోసం ఒకటి. నున్నటి తెల్లటి శుభ్రమైన బంకమట్టిని లోతుగా తవ్వి బస్తాలకెత్తేవాళ్లున్నారు. అందులో సాధారణంగా ఏమీ ఉండదు. బంగారం బరువు నీటికి 19 రెట్లు. వరదలో గులకరాళ్ల సందుల్లోంచి దిగుతూ వచ్చి, తమరి పొర తగలగానే ఆగిపోతుంది. అంచేత చూడవలసింది గులకకీ తమరికీ మధ్య అతుకు, దాని కింద బెత్తెడు మన్ను, ఇంకా గులకరాళ్లని తమరు సిమెంటులా పట్టేసిన గడ్డలు. పది బస్తాలు మోసేముందు ఒక్క కిలో కడిగి చూస్తే తమరి ఖజానా ఏపాటిదో తెలుస్తుంది. ఆ ఒక్క కిలో కడగడానికి బద్ధకించేవాళ్లే తమరికి మహారాజపోషకులు.

తమరి అసలు ప్రతిభ స్లూయిస్ పెట్టెలో, అంటే నీళ్లు పారించి అడ్డుపట్టీల దగ్గర బంగారాన్ని ఆపే వాలు తొట్టిలో, బయటపడుతుంది. నానని ఉండ ఒకటి నీటితో పాటు పెట్టెలోకి దిగుతుంది. అడ్డుపట్టీల మీద దొర్లుతుంది. దొర్లుతూ దొర్లుతూ, అప్పటికే అక్కడ ఆగి ఉన్న రవ్వల్ని కూడా ఒంటికి అద్దుకుని, అవతలి కొసన పెళ్లికొడుకులా ఊరేగుతూ వెళ్లిపోతుంది. అంటే తన దగ్గరున్నది ఇవ్వకపోగా మా దగ్గరున్నది కూడా పట్టుకుపోతుంది. అందుకే పెట్టె చివర ఒక జల్లెడ కట్టాలి. అందులో ఒక్క ఉండ పడినా పెట్టె వాలునో నీటి వేగాన్నో తిట్టి లాభం లేదు, తప్పు నానబెట్టడం దగ్గరే జరిగింది.

నానబెట్టడమంటే తడి ముద్దని నీళ్లలో పడేసి రేపు చూద్దామనుకోవడం కాదు. తడి ముద్ద రంధ్రాల్లో ముందే నీళ్లున్నాయి, కొత్త నీళ్లకి చోటు లేదు. వారం తర్వాత చూసినా కడుపు నిండిన జమీందారులా అలాగే కూర్చుంటారు. తమరిని ముందు పూర్తిగా ఎండబెట్టాలి. నిమ్మకాయంత తునకలు చేసి టార్పాలిన్ మీద పలచగా పరచాలి. రంగు తేలి, చెంపకి ఆనిస్తే చల్లదనం తగలకుండా, నాలుకకి పెడితే అతుక్కునేలా ఉంటే ఎండినట్టు. అప్పుడు నీళ్లలో వేస్తే, రంధ్రాల్లోకి దూసుకెళ్లే నీరు లోపలి గాలిని నొక్కుతుంది, ఆ గాలి తమరినే చీల్చుకుని బుడగలుగా బయటికొస్తుంది. పది నిమిషాల్లో తునక కూలి పిండవుతుంది. ఈ సంగతి కుమ్మరికి తెలుసు, మిగిలిన లోకమే మర్చిపోయింది.

కానీ ఈ కొండల్లో తమరికొక ఎర్రటి దాయాది ఉన్నాడు. ఇనుము పట్టిన లాటరైట్ మన్ను. 1807లో బుకానన్ అనే దొర కేరళలో ఈ మన్నుకి ఆ పేరు పెట్టడానికి కారణం, మెత్తగా ఉన్నప్పుడు ఇటుకల్లా కోస్తే గాలికి ఆరి రాయిలా గట్టిపడడం. లాటిన్ భాషలో లేటర్ అంటే ఇటుక. అలాంటి గడ్డని ఎండబెడితే తాళం విప్పబోయి ఇంకో తాళం వేసినట్టే. రెండు తునకలు తీసుకోండి. ఒకటి ఎండబెట్టి, ఒకటి పచ్చిగా, రెండు గ్లాసుల్లో వేసి చూడండి. ఎండింది కూలితే సరే. కూలకపోతే సుత్తే గతి, నీళ్లతో పని కాదు.

నాందేడ్ జిల్లా దెగ్లూరు వైపు మన తెలుగువాళ్లకి దొరికేది ఇంకో రకం, తమరి పెద్దన్నగారు నల్లరేగడి. ఎర్రమన్నులోని కేయొలినైట్ అనే ఖనిజం గ్రాముకి పది ఇరవై చదరపు మీటర్ల ఉపరితలంతో సరిపెట్టుకుంటే, రేగడిలోని మాంట్‌మొరిల్లోనైట్ పొరల లోపలి తలాలతో కలిపి ఏడెనిమిది వందల దాకా పోతుంది. నీళ్లు తాగి ఉబ్బి, బకెట్‌ని జిగురు చేసి పెడుతుంది. అక్కడ నీళ్లు రెట్టింపు, ఓపిక మూడింతలు.

ఇప్పుడు మందు. తమరి బలమంతా తమరి సైజులో ఉంది. రెండు మైక్రాన్ల లోపు పలకలు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పలక ముఖాన రుణావేశం, నీళ్లు మరీ క్షారం కాకపోతే అంచున ధనావేశం. ఒకరి అంచు ఇంకొకరి ముఖానికి అతుక్కుని పేకమేడ కడతారు. ఆ మేడని కూల్చేది సోడియం హెక్సామెటాఫాస్ఫేట్. అది అంచుల మీద కూర్చుని అందరికీ రుణావేశమే పంచుతుంది, అప్పటినుంచి ఒకర్నొకరు నెట్టుకుంటారు. మట్టి పరీక్షల ల్యాబుల్లో పాళ్లు ఇవి: లీటరు నీళ్లకి అది 33 గ్రాములు, సోడియం కార్బనేట్, అంటే బట్టల సోడా, 7 గ్రాములు. 20 లీటర్ల బకెట్‌లో ఆరేడు కిలోల ఎండు మన్ను ఉంటే ఈ ద్రావణం అర లీటరు చాలు. ముందు పావు లీటరే పోసి కలపండి. చోడి సంకటిలా ఉన్నది ఉన్నట్టుండి అంబలిలా జారిందా, అక్కడ ఆపండి. ఇంకొంచెం పోస్తే ఇంకా పలచబడుతుందన్న ఆశ మంచిది కాదు, మోతాదు మించితే మళ్లీ చిక్కబడతారు. బోరు నీళ్ల కాల్షియం ఈ మందుని ముందే మింగేస్తుంది కనుక వాన నీళ్లో ఏటి నీళ్లో వాడాలి. సున్నం, ఉప్పు దగ్గరికి రానివ్వకూడదు.

గిన్నెల సబ్బు పోసేవాళ్లకో దండం. సబ్బు తమరిని విడగొట్టదు. పాన్‌లో, అంటే బంగారం కడిగే పళ్లెంలో, కడిగేటప్పుడు పిండి బంగారం నీటి మీద తేలకుండా రెండు చుక్కలు పనికొస్తాయి, అంతే. బకెట్‌లో పోస్తే నురుగొస్తుంది, ఆ నురుగుతో కొంత బంగారం కూడా పొంగిపోతుంది.

కలపడంలో జనం చేసే తప్పు నీళ్లు ఎక్కువ పోయడం. పలచగా ఉంటే ఉండలు ఈత కొడతాయి తప్ప ఒరుసుకోవు. డ్రిల్లుకి పెయింటు కలిపే కడ్డీ తగిలించినా, మేస్త్రీలు కాంక్రీటు కలిపే మిల్లర్‌లో పిడికెడు సైజు గుండ్రాళ్లు పది పన్నెండు వేసి తిప్పినా, సంకటి చిక్కదనంలోనే రుద్దాలి. మిల్లర్ అయితే పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ తర్వాతే నీళ్లు పోసి పలచన చెయ్యాలి. చిక్కగా రుద్దు, పలచగా తేర్చు. ఈ వరస తిరగబడిందంటే తమరికి పండగే.

తర్వాత 12 మిల్లీమీటర్ల జల్లెడ, దాని కింద 4, ఆ కింద 2. జల్లెడ మీద మిగిలిన రాళ్లని నీళ్ల ధారతో కడగాలి, సొట్టల్లో తమరు అంటుకుని ఉంటారు. ఉండ మిగిలితే విరిచి చూడాలి. లోపల రంగు తేడాగా, గట్టిగా ఉంటే మళ్లీ బకెట్‌లోకే.

ఇక తేర్చడం. మంచినీళ్లలో 50 మైక్రాన్ల గుండ్రటి బంగారు రవ్వ 30 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. రెండు మైక్రాన్ల తమరికి అదే దూరం 24 గంటలు. ఇంత తేడా ఉండగా ఎవరైనా ఎలా ఓడిపోతారు? ఎలాగంటే, చిక్కటి బురద మంచినీళ్లు కాదు, అందులో రవ్వ దిగదు, వేలాడుతుంది. పైగా రవ్వలు చాలావరకు రేకుల్లా ఉంటాయి, ఇంకా నెమ్మదిస్తాయి. అందుకని ముందు పలచన చేసి, అయిదు నిమిషాలాగి, పైన మూడింట రెండు వంతులు మాత్రమే వంపాలి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే నీళ్లలో వేలు కనిపించే దశ వస్తుంది. వంపిన బురద వెంటనే పారబొయ్యద్దు. రెండో బకెట్‌లో ఉంచి, కాసేపాగి దాని అడుగు ఒకసారి పాన్‌లో కడగండి. అక్కడ పసుపు మెరిస్తే తొందరపడి వంపారన్న మాట. అడుగున బంగారంతో పాటు మిగిలిన బరువైన నల్ల ఇసుకకి అయస్కాంతం, పాన్, ఓపిక. బంగారాన్ని పట్టడానికి పాదరసం ఊసెత్తకండి. పాదరసం వాడకాన్ని అరికట్టే మినమాటా ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది, 2018లో మన దేశమూ చేరింది. ఆవిరి పీల్చిన ఊపిరితిత్తులకి ఆ తారీఖులతో కూడా పని లేదు.

అప్పు తీరాక తమరిని ఏట్లోకి వదలం. గుంటలో పోసి పటిక వేస్తాం. పటికతో తమరు మళ్లీ గుంపు కట్టి అడుగుకి దిగుతారు, పైన తేట మిగులుతుంది. అడుగుమన్ను ఇటుకలబట్టీకి పోతుంది. తమరి స్థాయికి తగ్గ ఉద్యోగమే.

ఇట్లు,
తమరి నిత్య బాకీదార్లు

తా.క.: ఆ పటిక తేటని కొత్త మన్ను నానబెట్టే బకెట్‌లో పోసేవాళ్లు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఫాస్ఫేట్ ఒక పక్క విడగొడుతుంటే పటిక ఇంకోపక్క అతుకుతూ ఉంటుంది, మధ్యలో మన్ను చెడిపోయిందని మార్చేస్తారు. ఆ నీళ్లు జల్లెడ మీద రాళ్లు కడగడానికి వాడుకోవాలి. ఈ సంగతి తమరు వాళ్లకి ఎలాగూ చెప్పరు కనుక మేమే రాస్తున్నాం.