బాధ్యత కౌంటర్‌ది, అధికారం మరొకరిది

2021 సెప్టెంబర్ 18న జర్మనీలోని ఇడార్-ఒబర్‌స్టైన్ పట్టణంలో, ఒక పెట్రోలు బంకు దుకాణంలో క్యాషియర్‌గా పనిచేస్తున్న 20 ఏళ్ల విద్యార్థి, మాస్కు లేకుండా బీరు కొనబోయిన వ్యక్తికి నిబంధన గుర్తుచేశాడు. ఆ వ్యక్తి వెళ్లిపోయి, తర్వాత తుపాకీతో తిరిగి వచ్చి అతన్ని కాల్చి చంపాడు. అంతకుముందు ఏడాది మే 1న అమెరికాలోని ఫ్లింట్ నగరంలో ఒక దుకాణం కాపలా ఉద్యోగి కూడా ఇలాంటి మాస్కు తగాదాలోనే ప్రాణం కోల్పోయాడు. ఇంత దారుణాలు అరుదే. కానీ వాటికి దారితీసిన పరిస్థితిని దుకాణాల సిబ్బంది రోజూ చూశారు. ఎవరో రాసిన నిబంధనను, అమలు చేసే అధికారమేదీ లేకుండా, కోపంతో ఉన్న మనిషికి ఎదురుగా నిలబడి చెప్పవలసి రావడం మనసును ఎంతగా నలిపేస్తుందో మనం ఇప్పటికీ సరిగా లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న తర్వాత చాలా దేశాల్లో కార్యాలయాలు ఇళ్లకు తరలిపోయాయి. నిత్యావసర సరుకుల దుకాణాలు, మందుల షాపులు మాత్రం తెరిచే ఉన్నాయి. నిన్నటిదాకా తక్కువ జీతంతో, ఎప్పుడైనా మరొకరిని పెట్టుకోవచ్చన్న లెక్కలో ఉన్న ఉద్యోగులు రాత్రికి రాత్రే 'అత్యవసర సిబ్బంది' అయ్యారు. జనం భయంతో ఎగబడి కొన్నారు, అరలు ఖాళీ అయ్యాయి, మనిషికి ఇన్నే అని పరిమితులు వచ్చాయి. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం, దూరం పాటించమనడం, మాస్కు అడగడం అన్నీ అదే జీతానికి అదే మనిషి నెత్తిన పడ్డాయి. గట్టిగా చెబితే కొనుగోలుదారు ఫిర్యాదు చేస్తాడు, చూసీచూడనట్టు ఊరుకుంటే యాజమాన్యం తప్పు పడుతుంది, పైగా తనకే వైరస్ అంటుకోవచ్చు.

ఈ ఇరకాటాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే చట్రం ఒకటి చాలాకాలంగా ఉంది. పని పెట్టే ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పనిపై మనిషికి ఉండే అదుపు తక్కువగా ఉన్నచోట మానసిక భారం అన్నిటికంటే అధికమవుతుందని పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించారు. తోటివారి అండ కూడా ఇందులో ముఖ్యమేనని ఆ తర్వాతి పరిశోధకులు చేర్చారు. బిల్లింగ్ కౌంటర్‌లో వేగాన్ని వరుస నిర్ణయిస్తుంది, వేళల్ని షిఫ్ట్ పట్టిక నిర్ణయిస్తుంది, మంచినీళ్లకు వెళ్లాలన్నా ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. అంటే మహమ్మారి రాకముందే ఇక్కడ అదుపు తక్కువ. అది వచ్చాక ఒత్తిడి పెరిగింది, ఉన్న కాస్త అదుపూ పోయింది, విరామంలో కలిసి కూర్చుని తిట్టుకుని తేలికపడే వీలు సైతం దూరం నిబంధనతో కరిగిపోయింది. ఈ చివరిది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, కౌంటర్ పని చేసినవారెవరూ దాన్ని చిన్నదిగా చూడరు.

అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒకే సరుకుల దుకాణానికి చెందిన 104 మంది సిబ్బందిని 2020 మేలో పరీక్షించి, కొద్ది నెలలకు ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. వారిలో 21 మందికి వైరస్ సోకిందని తేలింది, అందులో నాలుగింట మూడొంతుల మందికి లక్షణాలే లేవు. కొనుగోలుదారులతో నేరుగా వ్యవహరించేవారికి సోకే అవకాశం మిగతా సిబ్బందితో పోలిస్తే సుమారు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. లక్షణాలు లేకుండానే సోకుతుందంటే, బాగానే ఉన్నానన్న ధైర్యానికి కూడా అర్థం ఉండదు. షిఫ్ట్ ముగించుకుని ఇంట్లో అడుగుపెట్టే ప్రతి రాత్రీ పెద్దవాళ్లకు తానే ముప్పు తెస్తున్నానేమోనన్న అపరాధ భావం వెంట వస్తుంది. అదే అధ్యయనంలో దాదాపు నాలుగో వంతు మందిలో కనీసం స్వల్ప స్థాయి ఆందోళన, 8 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు నమోదయ్యాయి. పనిచోట ఎల్లవేళలా దూరం పాటించగలిగినవారిలో ఇవి తక్కువగా ఉన్నాయి. ప్రజా రవాణా మీద ఆధారపడకుండా కాలినడకనో, సైకిల్ మీదో, సొంత వాహనంలోనో పనికి వచ్చినవారిలోనూ కుంగుబాటు తక్కువే. ఒక్క దుకాణం, కొద్దిమంది మనుషులు. దీని నుంచి పెద్ద సూత్రాలు లాగడం సరికాదు. అయినా మనోస్థితితో ముడిపడినట్టు కనిపించిన ఆ రెండు అంశాలూ పని, ప్రయాణం ఎలా అమరాయన్నదానికి సంబంధించినవే.

కౌంటర్ పనిలో ఒంటి శ్రమతో పాటు ముఖం చేసే శ్రమ కూడా ఉంది. లోపల ఏమున్నా బయటికి ప్రసన్నంగా కనిపించడం జీతంలో భాగమైపోయే ఈ స్థితిని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోచ్‌షీల్డ్ 1983లో 'భావోద్వేగ శ్రమ'గా వివరించారు. మాస్కు వచ్చాక ఆ నవ్వు కనబడలేదు, కంఠమే దాని పని కూడా చేయాల్సి వచ్చింది. నవ్వనక్కర్లేకపోవడం కొందరికి ఊరట అయి ఉంటే నేను ఆశ్చర్యపోను. అయితే జనం తమ భయాన్నీ చిరాకునూ కుమ్మరించడానికి దొరికిన కొద్దిమందిలో ఈ సిబ్బంది ఒకరు, తిరిగి ఒక మాట అనే వీలు మాత్రం వారికి లేదు.

ఇక పొగడ్తల సంగతి. అమెరికాలో పెద్ద సంస్థలు కొన్ని సిబ్బందిని వీరులని కీర్తిస్తూ గంటకు 2 డాలర్లు అదనంగా ఇచ్చి, వైరస్ తగ్గకుండానే 2020 మే, జూన్ నాటికి ఆపేశాయి. పడే శ్రమకు, దక్కే ప్రతిఫలానికి పొంతన లేకపోవడం ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని పరిశోధకుడు యోహానెస్ సీగ్రిస్ట్ 1996లోనే చెప్పారు. ఆయన లెక్కలో ప్రతిఫలమంటే డబ్బుతో పాటు గౌరవం, ఉద్యోగ భద్రత కూడా. ఇచ్చి వెనక్కి తీసుకున్న గౌరవం అసలు ఇవ్వనిదానికంటే ఎక్కువ గాయం చేస్తుందని నేననుకుంటాను. దుకాణాలే మూతపడి ఇంట్లో కూర్చోవలసి వచ్చిన దుస్తుల, చెప్పుల షాపుల ఉద్యోగుల బాధ వేరు, అది ఆదాయం గురించిన దిగులు.

కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్లు, ధ్యానం యాప్‌లు వృథా అని అనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పే బర్నవుట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసిపోయి విసిగిపోయే స్థితిని, వ్యాధిగా కాక, సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా చూస్తోంది. అలాంటప్పుడు ఒత్తిడి పుట్టే చోటు దుకాణం అయితే, ఉపశమనం వెతుక్కునే పని ఒంటరిగా ఉద్యోగికి అప్పగించడం ఏ న్యాయం? తలుపు దగ్గర నిబంధనలు చెప్పే మనిషిని బిల్లింగ్ నుంచి వేరుచేసి, ఆ పనిని వంతులవారీగా పంచవచ్చు. దూషించేవారికి సరుకు ఇవ్వనని చెప్పే హక్కు ఉద్యోగికి ఇచ్చి, మేనేజర్ ఆ మాటకు కట్టుబడవచ్చు. జ్వరం వస్తే జీతం కోతకు భయపడి దాచుకోనక్కర్లేని సెలవు ఉండాలి. నా దృష్టిలో వీటన్నిటిలో మొదటిది ఈ సెలవే, ఎందుకంటే మిగతా భయాల్లో సగం దాని లేమి నుంచే పుడతాయి.

చట్టాలు కొంత కదిలాయి. పనిచోట హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం 2021 జూన్‌లో అమల్లోకి వచ్చింది, బయటివారి నుంచి ఎదురయ్యే హింసనూ అది లెక్కలోకి తీసుకుంటుంది. దుకాణ సిబ్బందిపై దాడిని, బెదిరింపును ప్రత్యేక నేరంగా చేసిన స్కాట్లండ్ చట్టం 2021 ఆగస్టు 24 నుంచి అమలవుతోంది. అయితే ఇలాంటి చట్టం తగాదా జరిగిపోయాక వస్తుంది, తగాదాలోకి ఆ ఉద్యోగిని నెట్టిన ఏర్పాటును అది తాకదు. ఆ ఏర్పాటును ముందుగానే మార్చవలసింది మహమ్మారి సన్నద్ధత ప్రణాళికలు. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదిక అయిన ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో వైద్య, సంరక్షణ సిబ్బంది కోసం విడిగా ఒక అధికరణం ఉంది. దుకాణ సిబ్బందికి అలాంటిదేదీ లేదు.