తపస్సుకాలానికి మా విచారణ సర్వసన్నద్ధం

నుదుట బూడిద పెట్టించుకుని, ఈస్టర్ ముందరి నలభై రోజుల తపస్సుకాలం మొదలుపెట్టే విభూది బుధవారం దగ్గర పడుతోంది. మా విచారణలో, అంటే మా గుడి కిందికి వచ్చే కతోలిక సంఘంలో, భక్తి తగ్గిందని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు కనుక, ఈ ఏడు ఏర్పాట్లు ఎంత పకడ్బందీగా జరుగుతున్నాయో నలుగురికీ చెప్పడం నా బాధ్యత. మైకుసెట్టుకు అడ్వాన్సు ఇచ్చేశాం. పీఠానికీ స్వరూపాలకూ ఊదారంగు గుడ్డ వచ్చేసింది. ఫ్లెక్సీ డిజైన్ కూడా అయిపోయింది. సిలువ మోస్తున్న ప్రభువు చుట్టూ దాతల ఫోటోలు గుండ్రంగా వచ్చాయి. ప్రభువు ముఖం కాస్త చిన్నదైన మాట నిజమే గాని, దాతలు పెరగడం కూడా ఆశీర్వాదమే కదా. పశ్చాత్తాపం ఒక్కటే ఇంకా రావలసి ఉంది. అది చివరి వారంలో వస్తుందని అంచనా.

ఈ కాలంతో మొదటి చిక్కు దాని తేదీ. క్రిస్మస్ ఒక తేదీకి కట్టుబడి ఉంటుంది. ఈస్టర్ చంద్రుణ్ణి పట్టుకుని జరుగుతుంది, విభూది బుధవారం ఈస్టర్‌ను పట్టుకుని జరుగుతుంది, ఫంక్షన్ హాలు బుకింగ్ మాత్రం ఎటూ జరగదు. తపస్సుకాలంలో మా గుడిలో పెళ్ళిళ్ళు పెట్టరు. దాంతో మనకు మూఢాలూ ముహూర్తాలూ లేవని పక్కింటివాళ్ళకు గర్వంగా చెప్పుకునే మావాళ్ళే, జనవరి దాటగానే ఫాదర్ గారి గుమ్మం ముందు నిలబడి "బూడిద పడేలోగా కానిచ్చేయండి ఫాదర్" అని బతిమాలుతారు.

గుణదల తిరునాళ్ళు మరో ఇరకాటం. 1924లో ఇటలీ గురువు ఆర్లాటి గారు గుణదలలో మరియమాత స్వరూపం పెట్టించారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బెజవాడ దారులన్నీ అటే. తలనీలాలు ఇస్తాం, కొండెక్కుతాం, కొబ్బరికాయ కొడతాం, జీళ్ళు కొనుక్కుంటాం. 2024లో తిరునాళ్ళు ముగిసిన మూడో రోజే విభూది బుధవారం వచ్చి, గుండు మీద వెంట్రుక మొలవకముందే నుదుట బూడిద పడింది. అది ఫిబ్రవరి 14 కూడా కావడంతో యువత విభాగంలో కొంతమంది పూజకు రాలేకపోయారు. వాళ్ళ త్యాగం ఏమిటో విచారించలేదు. 2027లో అయితే విభూది బుధవారం ఫిబ్రవరి 10న, సరిగ్గా తిరునాళ్ళ నడిమధ్య పడుతోంది. ఒక్కపొద్దు రోజున కొండ దిగి బిర్యానీ సెంటర్ ముందునుంచి ఎలా నడిచి రావాలన్నది ఈ ప్రాంత కతోలిక సమాజం ముందున్న అతి పెద్ద ఆధ్యాత్మిక సమస్య.

ఒక్కపొద్దు విషయంలో కతోలిక తిరుసభ చట్టం స్పష్టంగానే ఉంది. విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే అనే పవిత్ర శుక్రవారం, ఈ రెండు రోజులే ఒక్కపొద్దు. ఒక పూట కడుపునిండా భోజనం, మిగతా రెండు పూటలా ఏదో కాస్త. 18 నిండిన దగ్గరనుంచి 59 నిండేదాకా వర్తిస్తుంది. పెన్షన్‌కి మన ప్రభుత్వం 60 ఏళ్ళు అడుగుతుంటే, మినహాయింపుకు తిరుసభ 59 చాలంటోంది. పెన్షన్ కోసం ఆధార్‌లో వయసు పెంచించుకున్న ఒకరిద్దరు పెద్దలకు ఈ సౌకర్యం అదనంగా కలిసొచ్చింది.

శుక్రవారాల్లో శుద్ధభోజనం, అంటే మాంసం మానాలి. చేపను మానమనలేదు. రొయ్య, పీత కూడా నీళ్ళలోవే కాబట్టి వాటికీ అడ్డు లేదు. ఈ నియమం పుట్టిన రోజుల్లో చేప పేదవాడి తిండి అయి ఉండొచ్చు. భీమవరం చెరువుల సంగతి ఆ పెద్దమనుషులకు తెలియదు. అందుచేత శుక్రవారం వచ్చేసరికి మేం కోడికూర అనే చవక పాపాన్ని విడిచిపెట్టి, రొయ్యల వేపుడు, కొరమీను పులుసు అనే ఖరీదైన పుణ్యంలోకి ప్రవేశిస్తాం. మిరపకోతకు వెళ్ళొచ్చి పచ్చడి మెతుకులతో పడుకునే మా పేట ముసలమ్మ ఒక్కతే ఈ త్యాగంలో పాల్గొనలేకపోతోంది. మానేద్దామంటే ఆవిడ దగ్గర ఏదీ లేదు. ఆవిడ విషయంలో పారిష్ కౌన్సిల్ ఏదైనా ఆలోచించాలి.

ఇంకో వెసులుబాటు ఉంది. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజైన పవిత్ర శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. నలభై ఎలా అయ్యాయంటే, ఆరు ఆదివారాలు తీసేయాలి. ఆదివారం ప్రభువు లేచిన రోజు, తపస్సు లెక్కలోకి రాదు. వేదాంతంలో మరే విషయమూ మావాళ్ళ మనసుల్లో ఇంత లోతుగా నాటుకోలేదు. పది ఆజ్ఞలు వరసగా చెప్పమంటే తడుముకునేవాడు కూడా ఆదివారం చికెన్ కొట్టు ముందు నిలబడి ఈ లెక్క తడబడకుండా అప్పజెబుతాడు.

దానధర్మాల్లోనూ వెనకబడలేదు. ఆకలి, వ్యాధుల మీద పోరాటానికని కతోలిక సేవాసంస్థ కారితాస్ ఇండియా ప్రతి తపస్సుకాలంలో విరాళాలు సేకరిస్తుంది. ఆ కవర్లు ఇంటింటికీ పంచాం. కవరు మీద పేరు రాయొచ్చా, రాస్తే గుడి బోర్డు మీద వేస్తారా అని ఇప్పటికే చాలామంది ఆసక్తిగా అడిగారు.

విభూది కోసం నిరుడు ఈస్టర్ ముందరి మట్టల ఆదివారం నాడు గుడిలో పంచిన మట్టలు తెచ్చివ్వమని, వాటిని కాల్చి బూడిద చేయాలని ఫాదర్ గారు వారం వారం ప్రకటిస్తున్నారు. ఒక్కరూ తేవడం లేదు. గుమ్మం పైన గుచ్చిన మట్ట తీస్తే ఇంటికి దిష్టి తగులుతుందట. దిష్టి అనే మాట గుడిలో అనకూడదని తెలుసు, అందుకే ఎవరూ పైకి అనడం లేదు.

ఆ బుధవారం చదివే సువిశేషం, అంటే సువార్త, మత్తయి ఆరో అధ్యాయంలోది. ఉపవాసం ఉన్నప్పుడు మొహం కడుక్కోండి, తలకు నూనె రాసుకోండి, ఎవరికీ తెలియనివ్వకండి అని ఉంటుంది. అది విన్న కాసేపటికే నుదుట బూడిద సిలువతో బయటికొచ్చి, వెలుతురు బాగున్న చోటు చూసుకుని ఫోటో దిగి స్టేటస్ పెడతాం. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్నారు గాని, కాంటాక్టుల్లో ఉన్న నాలుగు వందల మందికి తెలియకూడదని ప్రభువు ఎక్కడా అనలేదు. ఇటలీలో ఈ బూడిదను నడినెత్తిన చల్లుతారు, పోపు గారికైనా అంతే. మరియమాతను గుణదలకు తెచ్చిన ఇటలీ గురువులు ఆ అలవాటు కూడా తెచ్చి ఉంటే, తలనీలాలు ఇచ్చినవాళ్ళ భక్తి తప్ప మరెవరి భక్తీ ఫోటోలో కనబడేది కాదు.

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలకు పక్క విచారణ గురువులను పిలిపిస్తున్నాం. మా ఫాదర్ గారి దగ్గర చెప్పుకోవడానికి అభ్యంతరమేమీ లేదు, కాకపోతే ఆయన సాయంత్రం మా ఇంటికి టీకి వస్తారు. పైగా మావాళ్ళకు సొంత పాపాలకంటే ఇరుగుపొరుగు పాపాలు బాగా గుర్తుంటాయి. అత్తగారు వెళ్ళొస్తే కోడలి ఆత్మశోధన సగం పూర్తవుతుంది. ఆ వెనకే కోడలు వెళ్తే అత్తగారిదీ అయిపోతుంది. మగవాళ్ళు మాత్రం గుణదలలోనే కానిచ్చేశాం అంటారు. అంత జనంలో ఎవరు చూడొచ్చారు?

ప్రభువు సిలువ మోసిన దారిని స్థలం స్థలంగా ధ్యానించే శుక్రవారం సిలువమార్గాన్ని పేటలవారీగా పంచుకున్నాం. పద్నాలుగు స్థలాలు, స్థలానికో ఇల్లు. మొదట్లో అన్నీ అయ్యాక గ్లాసుడు మజ్జిగ ఇచ్చేవాళ్ళు. ఒక పేటవాళ్ళు మజ్జిగతోపాటు పునుగులు పెట్టారు. తర్వాతి వారం ఇంకో పేటవాళ్ళు మైసూర్ బజ్జీ, రవ్వకేసరి. ఇది ఇక్కడితో ఆపండని ఫాదర్ గారు ప్రసంగంలో గట్టిగా చెప్పాక పోయినేడు వెజ్ బిర్యానీ వచ్చింది. పన్నెండో స్థలం దగ్గర, ప్రభువు ప్రాణం విడిచే చోట, అందరం మోకరించి ఉండగా ఆ ఇంటి పెరట్లోంచి తాలింపు వాసన వచ్చింది. మిగిలిన రెండు స్థలాలూ చాలా వేగంగా జరిగాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, పవిత్ర గురువారం ఒక ఎత్తు. ఆ సాయంత్రం గురువు నడుముకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ప్రభువు కడరా భోజనం నాడు తన పన్నెండుమంది శిష్యులకు ఆ పని చేయబోతే వాళ్ళలో పేతురు వద్దన్నాడు. మా విచారణ చరిత్రలో వద్దన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎన్నికల టిక్కెట్లకు కూడా ఇంత పైరవీ చూడలేదు. కొత్త గంట చేయించిన దాతకు ఒక చోటు, గాయక బృందానికి ఒకటి, మాజీ సర్పంచికి ఒకటి, ఈసారి ఇవ్వకపోతే ఇక మాట్లాడనన్న ఆయనకు ఒకటి. పెన్షన్ తీసుకుంటున్న పెద్దాయన ఒకరు యువత కోటాలో దరఖాస్తు చేశారు. ఆడవాళ్ళను కూడా పిలవవచ్చని 2016లో ఫ్రాన్సిస్ పోపు గారు నియమం మార్చారు. ఆ ఉత్తర్వు మా ఊరికి ఇంకా చేరలేదని మా సెక్రటరీ గారి వివరణ.

గుడిలో కులం లేదు. ఈ మాట సెక్రటరీ గారు ప్రతి సమావేశం మొదట్లో చెబుతారు. చెప్పి, పన్నెండులో పెద్దవీధికి ఎన్ని, పేటకు ఎన్ని అని లెక్క మొదలుపెడతారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీ గారు పోపు తర్వాతి హోదా అయిన కార్డినల్ అయినప్పుడు, తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ అని మేం కట్టినంత పెద్ద ఫ్లెక్సీ చుట్టుపక్కల ఎవరూ కట్టలేదు. అంత పెద్దది ఎక్కడ కట్టాలా అని ఆలోచిస్తే, సమాధుల తోటను రెండుగా విడదీసే గోడ సరిగ్గా సరిపోయింది.

జాబితాలో పేరు వచ్చినవాళ్ళ కష్టం కూడా చెప్పాలి. వారం ముందునుంచే మడమలు రుద్దుకుంటారు. ఒకాయన గుంటూరు వెళ్ళి పెడిక్యూర్ చేయించుకున్నాడు. ఆ రోజు ఇంట్లో సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పౌడరు అద్ది, కొత్త సాక్సుల్లో భద్రంగా తెస్తారు. దీనివల్ల ఫాదర్ గారికి శ్రమ బాగా తగ్గుతోంది. ఒక ఏడాది పొలంనుంచి నేరుగా వచ్చిన పాదాలు రెండు కూర్చున్నాయి గాని, వీడియోలో బాగా పడలేదని మళ్ళీ పిలవలేదు.

ఈ ఏడు జాబితా పదిహేడు దగ్గర ఆగిపోయి, అయిదుగురిని ఎలా తగ్గించాలో తెలియక నానా టెన్షన్ పడ్డాం. ఫాదర్ గారు పూజాగ్రంథం తిరగేసి, అందులో పన్నెండు అనే సంఖ్యే లేదని చెప్పారు. ఆ శుభవార్త వినగానే జాబితాను ముప్పైకి పెంచాం. ఆయన అది చివరిదాకా చదివి, "ఇంతమందికి నేనొక్కణ్ణే కడగలేనండీ. ఎవరి కాళ్ళు ఎవరు కడుగుతారో ఎదురెదురుగా పేర్లు రాసివ్వండి, పెద్దవీధివాళ్ళకు పేటవాళ్ళు, పేటవాళ్ళకు పెద్దవీధివాళ్ళు అయితే ఇంకా బాగుంటుంది" అన్నారు. ఈ సూచనను కౌన్సిల్ ఎంతగానో మెచ్చుకుని, చర్చను తరువాతి సమావేశానికి వాయిదా వేసింది. తరువాతి సమావేశం ఈస్టర్ సోమవారం నాడు.