పైపులైన్ షేర్ల మెసేజ్‌లో చెప్పని సంగతులు

హనుమకొండలో రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ నెల రోజులుగా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "అమెరికా గ్యాస్ ఎగుమతులు ఏటేటా పెరుగుతున్నాయి. గ్యాస్ ఎవరిదైనా పైపులోంచే పోవాలి. పైపులైన్ కంపెనీ టోల్‌గేటు లాంటిది, ధర పడినా వసూలు ఆగదు. ఏటా 8 శాతం డివిడెండ్ గ్యారంటీ. ఫోన్‌లోనే కొనొచ్చు, పన్ను గొడవ లేదు." (డివిడెండ్ అంటే కంపెనీ తన షేర్లు ఉన్నవాళ్లకు పంచే సొమ్ము.) భూపాలపల్లి గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిన మా పెద్దనాన్న కొడుకు అది చూసి, "తమ్మీ, నా పైసలు ఇండ్ల పెడ్దామా?" అని అడిగాడు. అందుకే ఒక్కో మాటా విప్పి రాస్తున్నాను.

ఎగుమతులు పెరుగుతున్న మాట నిజం. అలాస్కాను పక్కన పెడితే, అమెరికా నుంచి ఎల్‌ఎన్‌జీ, అంటే చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్, ఓడలు బయల్దేరడం 2016 ఫిబ్రవరిలో లూసియానాలోని సబీన్ పాస్ నుంచి మొదలైంది. 2023 కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఎల్‌ఎన్‌జీ ఎగుమతి చేసే దేశం అదే అయింది. మన ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ కూడా 2018 నుంచి అక్కడి గ్యాస్ కొంటోంది. కానీ ఇది మన ఒక్కరికే తెలిసిన రహస్యం కాదు. షేరు ధరలో ఆ ఆశ ముందే కలిసి ఉంటుంది.

టోల్‌గేటు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే జనం నమ్ముతున్నది దీన్నే. గ్యాస్ పంపినా పంపకపోయినా పైపులో చోటుకు అద్దె కట్టే ఒప్పందాలు ఉంటాయి, కాదనను. అయితే ఆ ఒప్పందానికి గడువు ఉంటుంది. కట్టేవాడికి కష్టాలూ వస్తాయి. రేటు కూడా కంపెనీ ఇష్టం కాదు, నియంత్రణ సంస్థలు చూస్తాయి. అన్నిటికంటే ముందు, పైపు అవతలి కొసన గ్యాస్ ఉండాలి. ఎస్సారెస్పీలో నీళ్లు లేని ఏడాది కాకతీయ కాలువ చివరి రైతు కష్టం ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాలువ ఉంది, తూము ఉంది, నీళ్లే లేవు.

దీనికి ఉదాహరణ మన రాష్ట్రం మీదుగానే పోతోంది. కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా 1,300 కిలోమీటర్లకు పైగా సాగే పైపులైను 2009లో మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు మోయగలదు. దానికి గ్యాస్ ఇచ్చే కేజీ-డీ6 అనే సముద్రపు గ్యాస్ క్షేత్రం ఉత్పత్తి 2010లో సుమారు 6 కోట్ల దాకా వెళ్లి, తర్వాత ఏటేటా పడిపోయింది. 2018 నాటికి అందులో పదో వంతు కూడా లేదు. పైపు చెక్కుచెదరలేదు, అప్పట్లో లోపల చాలావరకు ఖాళీ. 2019లో అది చేతులు మారింది.

రామగుండం సంగతీ చూడండి. 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో కొత్త ప్లాంటు గ్యాస్‌తో యూరియా తయారీ మొదలుపెట్టింది. మనకు అది పెద్ద మేలు. కానీ ఆంధ్ర తీరంలోని మల్లవరం నుంచి దానికి గ్యాస్ తెచ్చే లైను రాజస్థాన్‌లోని భిల్వారా దాకా వెళ్లాల్సింది. 1,800 కిలోమీటర్లకు పైగా అనుకున్నది రామగుండం దగ్గరే ఆగింది.

కొత్త పైపు వేయడం కూడా తేలిక కాదు. అమెరికాలో మౌంటెన్ వ్యాలీ పైపులైను 350 కోట్ల డాలర్లలో 2018 చివరికల్లా పూర్తవుతుందన్నారు. 2024 జూన్‌లో మొదలైంది, ఖర్చు రెట్టింపు దాటింది. అట్లాంటిక్ కోస్ట్ అనే ఇంకో లైనును 2020 జులైలో పూర్తిగా వదిలేశారు.

ఇక "డివిడెండ్ గ్యారంటీ" అనడం తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఆ దేశపు పెద్ద పైపులైన్ కంపెనీల్లో ఒకటైన కిండర్ మోర్గాన్ 2015 డిసెంబరులో మూడు నెలల డివిడెండ్‌ను షేరుకు 51 సెంట్ల నుంచి పన్నెండున్నర సెంట్లకు కోసేసింది. దాని పైపుల్లో గ్యాస్ ఆగలేదు. అప్పుల ఒత్తిడి, కొత్త పనుల ఖర్చు కలిసి వాటాదారుడి వాటా తినేశాయి. పెన్షన్ లాగా దాని మీద ఇల్లు గడుపుకునేవాళ్ల టెన్షన్ ఒక్కసారి ఊహించుకోండి.

పన్ను గొడవ లేదన్నది శుద్ధ అబద్ధం. మామూలు అమెరికా కంపెనీ డివిడెండ్‌లో మనవాళ్లకు 25 శాతం అక్కడే కోస్తారు. ఎక్కువ రాబడి చూపించే పైపులైన్ సంస్థల్లో చాలావరకు భాగస్వామ్య సంస్థలు. వాటి చెల్లింపుల్లో విదేశీయులకు సాధారణంగా 37 శాతం కోత. 2023 నుంచి అమ్మినప్పుడు కూడా, నష్టం వచ్చినా సరే, అమ్మకపు సొమ్ములో 10 శాతం పట్టుకునే నిబంధన వచ్చింది. తిరిగి రాబట్టుకోవాలంటే అక్కడ రిటర్ను వేయాలి. ఇక్కడి ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక వేరే నింపాలి.

అన్న అడిగిన సంస్థ భాగస్వామ్య సంస్థేనని తేలింది. ఆయన ముందే కాగితం మీద లెక్క వేశాను. 8 శాతం అన్నది కోత పోగా చేతికి 5 శాతమే. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం వడ్డీని 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెంచారని పక్కనే రాశాను. అన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మెసేజ్ పంపిన దోస్తుకు చూపిస్తానని లేచాడు.