మట్టి మంచిదే, మనది కాకపోతే

విజయవాడ నగరం ఎట్టకేలకు మట్టిని గుర్తించింది. ఆదివారం పూట ఏసీ గదిలో ఏప్రాన్ కట్టుకుని, పదమూడో శతాబ్దంలో ఇంగ్లండు మఠాల్లో పరిచిన బొమ్మల పలకలను తయారుచేయడం నేర్చుకుంటున్న కుటుంబాలను మనసారా అభినందించాలి. వీరిలో చాలామంది తాతగారి పెంకుటిల్లు పడగొట్టించి, పెంకులను లారీలకెత్తించి వదిలించుకుని, ఆ స్థలంలోనే ఫ్లాట్లు తీసుకున్నవారు. కాబట్టి కాల్చిన మట్టితో వారి అనుబంధాన్ని శంకించలేం. కప్పు మీద వెయ్యి పెంకులుంటే పేదరికం, గోడకు ఒక్క పలక వేలాడితే అభిరుచి.

పని చూడముచ్చటగానే ఉంటుంది. ఎర్రమట్టిని చెక్క చట్రంలో అదిమి చదును చేస్తారు. సింహాన్ని ఉబ్బెత్తుగా చెక్కిన చెక్క అచ్చును పైన పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. పడిన గుంటలో తెల్లమట్టి నింపుతారు. కాస్త ఆరి గట్టిపడ్డాక కత్తితో పైపొర గీకితే, అంతవరకు అలుక్కుపోయిన తెలుపులోంచి తోక, జూలు, గోళ్లు ఒక్కొక్కటే పదునుగా బయటపడతాయి. గదిలోని ఫోన్లన్నీ పైకి లేచేది అప్పుడే. ఆ కాలంలో సీసపు పూత పూసి కట్టెల బట్టీలో కాల్చేవారు. తెలుపు తేనెరంగుకు తిరిగేది. సీసం విషం కాబట్టి మనవాళ్లు ప్రాచీనతను అంతవరకు లాగలేదు.

రెండు రకాల మట్టీ ఆరేటప్పుడు, కాలేటప్పుడు ఒకే మోతాదులో కుంచించుకుపోవాలి. లేకపోతే సింహం ఊడి చేతికొస్తుంది. వేసవిలో కాలు దిగబడేంత నెర్రెలిచ్చే గుంటూరు నల్లరేగడికి ఇంతటి క్రమశిక్షణ లేదు. అందుకే మట్టి ప్యాకెట్లలో వస్తుంది.

కాలం విషయంలో మాత్రం మధ్యయుగాన్ని చిత్తుగా ఓడించాం. ఇంగ్లండులో 1477లో పైకప్పు పెంకులకు ఏకంగా చట్టమే చేశారు: నవంబరు 1 లోపు మట్టి తవ్వాలి, ఫిబ్రవరి 1 లోపు తిరగేసి కలపాలి, మార్చి 1 వరకు పెంకు చేయకూడదు. మన వర్క్‌షాపు టీ విరామంతో కలిపి ఒక పూటలో ముగుస్తుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు పెద్దలు. మనం ఆ ఏడాదిని తీసేసి పెట్టును, అంటే ఆ సుత్తిదెబ్బను, ఉంచుకున్నాం.

కుమ్మరి మాట వచ్చింది కాబట్టి ఒక అపవాదు తొలగించాలి. ఎండాకాలంలో రోడ్డు పక్కన కుండలమ్మే ఆమె దగ్గర నాలుగు కుండలు వేలితో కొట్టి, చెవి ఒగ్గి విని, పది రూపాయలు తగ్గించమని పావుగంట నిలబడేవారు వర్క్‌షాపు రుసుము దగ్గర మారుమాటాడరట. ఇందులో తప్పేముంది? కుండ నీళ్లు చల్లబరుస్తుంది. పనికొచ్చే వస్తువుకు బేరం ఉంటుంది. పనికిరానిదానికి బేరమాడితే పరువు పోతుంది.

దేశాభిమానం లేదన్న విమర్శకూ జవాబుంది. కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి స్తూపం శిల్పాల్లో ఎన్నో 1859లో ఓడలో లండన్‌కు తరలి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంగ్లండులోని చెర్ట్‌సీ మఠం పలకలూ అదే మ్యూజియంలో ఉన్నాయి. వాళ్లు రాళ్లు పట్టుకెళ్లారు, మనం పలకల ఫొటోలు డౌన్‌లోడ్ చేసుకున్నాం. చెల్లుకు చెల్లు.

ఒక్క లోటు మిగిలింది. ఆ పలకలు గోడకు కాదు, నేలకు చేసినవి. బొమ్మను పైన గీయకుండా లోపలికి నింపింది అందుకే; ఎన్ని కాళ్లు తొక్కి అరగదీసినా అంత తేలికగా చెరగదు. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సన్యాసులు సమావేశమైన చాప్టర్ హౌస్‌లో 1250ల నాటి నేల ఇప్పటికీ ఉంది. మనం నేలకు అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వేయించి, వాటి మీద జారుతూ వెళ్లి, గోడ మీది పలకకు దుమ్ము తుడుస్తున్నాం. అరుగుదల లేకుండా ప్రాచీనత ఎక్కడి నుంచి వస్తుంది? ఏడు వందల ఏళ్లు ఆగే తీరిక మనకు లేదు. కాబట్టి నాదొక ప్రతిపాదన: నగరంలో తయారైన పలకలన్నిటినీ దసరా ముందు వచ్చే ఆదివారం జనంతో కిక్కిరిసే బీసెంట్ రోడ్డులో పరచాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు చాలు. తర్వాత ఎవరి పలక వారు ఏరుకుని ఇంటికి తీసుకెళ్లవచ్చు. అడుగున పేరు చెక్కుకోవడం మాత్రం మరవొద్దు, గొడవలవుతాయి.