అటక మీది శారీ గార్డుకు అక్క రాయు ఉత్తరం

చిరంజీవి శారీ గార్డుకు,

తిరుపతి కొర్లగుంట నుంచి అక్క ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ, అనగా మా ఇంటి అటక మీద, పాత కుక్కరుకూ బొమ్మల కొలువు పెట్టెకూ మధ్య నువ్వూ క్షేమమని తలుస్తాను.

బైకు వెనక చక్రం పక్కన నిలబడి చీర కొంగులు చిక్కుకోకుండా కాసే ఉద్యోగంలోంచి నిన్ను ఎందుకు తీసేశారో నీకెవరూ చెప్పి ఉండరు. నోటీసు లేదు, సంజాయిషీ అడిగింది లేదు, అంత సర్వీసు చేసినవాడికి ఒక శాలువా అయినా కప్పలేదు. ఆదివారం పొద్దున మా ఆయన స్పానర్ల డబ్బా ముందేసుకుని వరండాలో కూర్చున్నాడు. నేనిచ్చిన కాఫీ చల్లారేలోగా నువ్వు నేల మీద ఉన్నావు. కారణం ఏమంటే, మన యమహా ఆర్15 ఇక రోడ్డు బండి కాదు, రేసు బండి. మోటారు రేసుల క్లబ్బు పెట్టే రేసులో దిగుతాడట.

2010లో ఆ బండి కొన్నప్పుడు షోరూంలో మా ఆయన అడిగింది ఒకే ప్రశ్న, ఎంత స్పీడు పోతుందని. మా అత్తగారు అడిగిందీ ఒకే ప్రశ్న: "దీంట్లో ఆడకూతురు చీర కట్టుకోని యాడ కూర్చోవాల?" షోరూం పిల్లవాడు నిన్ను చూపించాడు. నిన్ను చూసి బండి కొన్నవాళ్ళు ఈ దేశంలో ఎవరూ ఉండరు, నిజమే. కానీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది నీ జన్మపత్రిక. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పాలని, పట్టుకోవడానికి పిడి, కాళ్ళకు ఆసరా ఉండాలని అందులో ఉంది. తోలేవాడిని పక్కనబెట్టి వెనక కూర్చునేదాన్ని తలుచుకుని రాసిన నిబంధన. ఎవరు రాశారో గానీ వాళ్ళింట్లోనూ ఒక కొంగు చక్రంలో పడే ఉంటుంది.

నా కొంగు పడలేదంటే అది నీ పుణ్యమే. తిరుచానూరు పంచమి తీర్థానికి కంచిపట్టు కట్టుకుని, రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసి కూర్చుని పోతుంటే గాలికి కొంగు జారి చక్రం మీదికి పోయింది. నువ్వు అడ్డం నిలబడ్డావు. అంచుకు బెత్తెడు గ్రీజు మరక మిగిలింది, దాంతోపాటు నా మెడ కూడా మిగిలింది. ఆ చీర ఇప్పటికీ డ్రై క్లీనింగుకు లొంగలేదు.

సరే, నీతో పాటు ఇంకెవరెవరి ఉద్యోగాలు పోయాయో విను. అద్దాలు, ఇండికేటర్లు, హెడ్‌లైటు, హారను, నంబరు ప్లేటు, నా ఫుట్‌రెస్టులు. ఏపీ 03తో మొదలయ్యే ఆ ప్లేటు ఇప్పుడు నీ పక్కనే ఉంది, చిత్తూరు, తిరుపతి ఒకే జిల్లాగా ఉన్నప్పటి కబుర్లు చెబుతుంది, విను. సైడు స్టాండు కూడా పోయింది. మలుపులో బండి పడుకోబెట్టినప్పుడు అది నేలకు తగిలితే మనిషి ఎగిరి అవతల పడతాడట. ఫలితంగా బండి తన కాళ్ళ మీద తను నిలబడలేకపోతోంది. మొదటి రోజు తులసికోటకు ఆనించాడు. మా అత్తగారు చూసి ఏమన్నదో ఉత్తరంలో రాయడం మర్యాద కాదు. సాయంత్రానికల్లా వెనక చక్రాన్ని ఎత్తి బండిని నిలబెట్టే పాడక్ స్టాండుకు డబ్బు కట్టేశాడు.

నిన్ను తీసింది బరువు తగ్గించడానికని మా ఆయన వాదన. వంటింటి తూకంలో పెట్టి మరీ చూపించాడు. నేను తూకం వైపు చూడలేదు, పొట్ట వైపు చూశాను. కొండ నుంచి ఎవరు లడ్డూలు తెచ్చినా ముందు చెయ్యి పెట్టేది ఎవరో నీకూ నాకూ తెలుసు.

ఇక్కడితో ఆగి ఉంటే నీ తరఫున లాయరును పెట్టేదాన్నే. కానీ విప్పడం అయ్యాక బిగించడం మొదలైంది, నా కోపం కాస్త తడబడింది. రేసుకు ముందు క్లబ్బు వాళ్ళు బండిని తనిఖీ చేస్తారు. ఆ తనిఖీ జాబితా అచ్చు వేయించుకుని ఫ్రిజ్జుకు అంటించాడు. చదివితే పెళ్ళిచూపులకు వచ్చిన మా పెద్దాడబిడ్డ ప్రశ్నలే నయం అనిపించింది.

ఇంజను ఆయిలు దించే బోల్టు ఉంటుంది కదా, దాని తలకు సన్నటి బెజ్జం వేసి, స్టీలు తీగ దూర్చి, మెలేసి కట్టాలి. ఆయిలు ఫిల్టరుకూ, బ్రేకు క్యాలిపరు బోల్టులకూ అదే పని. అదురుకు బోల్టు వదులైనా ఊడి పడకూడదని. ఆ బెజ్జం వేసేలోపల డ్రిల్లు బిట్లు వరసగా విరిగాయి. ఇక మెలి వేయడమంటావా, మల్లెపూలు కట్టే చేతికి అదొక లెక్క కాదు గానీ మా ఆయనకు తీగ వంకర్లు పోయింది. ఆటోనగర్ మెకానిక్ వచ్చి, వంగి చూసి, "అన్నా, బోల్టు బిగిసేవైపు లాగాల తీగ. నువ్వు కట్టింది యట్టుందంటే, దానికదే ఇప్పుకోని పోను దారి చూపించినట్టుంది" అన్నాడు. మూడు బోల్టులకు నేనే కట్టాను. ఈ సంగతి క్లబ్బులో చెప్పుకోడులే.

తర్వాత రేడియేటరులోని, ఇంజనును చల్లబరిచే పచ్చటి కూలంటు మొత్తం దించి మామూలు నీళ్ళు పోశాడు. ఏమయ్యా, అంత ఖరీదైనది పారబోస్తివి అంటే, అందులో గ్లైకాల్ ఉంటుంది, రోడ్డు మీద కారితే వెనకొచ్చేవాడి టైరు జారుతుంది అన్నాడు. ఇంజను కింద పెద్ద ఫైబరు తొట్టి బిగించాడు, ఇంజను పగిలినా ఆయిలు ట్రాకు మీద పడకుండా. అదీ వెనకొచ్చేవాడి కోసమే. హెడ్‌లైటు తీసింది గాజుపెంకులు వెనకొచ్చేవాడి టైరులో దిగకూడదని. తమ్ముడూ, వెనక కూర్చునేదాని సంగతి అటకెక్కించి, వెనకొచ్చే ముక్కూమొహం తెలియనివాడి మీద ఇంత ప్రేమ! ఇన్నేళ్ళు నేను కూర్చున్న చోటు తప్పు, ఇంకో బండి ఎక్కి వెంటబడి ఉండాల్సింది.

అట్లా వెంటబడే ఆడవాళ్ళు లేకపోలేదు సుమా. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాజాస్ అనే మోటారుసైకిల్ ర్యాలీల ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలిచింది. మా అత్తగారికి ఆ సంగతి చెప్పినప్పటి నుంచి కొడుకు వైపు కాదు, నా వైపు అనుమానంగా చూస్తోంది.

నీ మనసు నొచ్చుకునే మాట ఒకటుంది, చెప్పక తప్పదు. నీ ఉద్యోగం ఖాళీగా లేదు. చైను వెనక పళ్ళచక్రంలోకి దూరే చోట ఒక రెక్క బిగించాడు. షార్క్ ఫిన్ అంటారు. పడ్డప్పుడు వేళ్ళు అందులో నలగకుండా అడ్డం నిలబడుతుందట. నీ పనే! చీర బదులు వేళ్ళు, అంతే తేడా. అది లేకపోతే బండిని ట్రాకులోకి దిగనివ్వరు. నువ్వు ఉంటే దిగనివ్వరు. ఇంతకన్నా అన్యాయం సర్కారీ బదిలీల్లో కూడా చూడలేదు.

అయినా మా ఆయనను పూర్తిగా తిట్టలేను, మన వీధి కుర్రాళ్ళను చూశాక. వాళ్ళూ గార్డు తీస్తారు, అద్దాలు తీస్తారు, నంబరు ప్లేటు ఆకాశం వైపు మడుస్తారు, సైలెన్సరు కోస్తారు. రేసు బండి అంటారు. తీగ కట్టిన బోల్టు ఒక్కటీ ఉండదు, టైరు చూస్తే నున్నగా బోడి. ఆ బండ్లను క్లబ్బు తనిఖీకి తీసుకుపోతే గేటు దగ్గరే టీ ఇచ్చి పంపేస్తారు. వీళ్ళు లీలామహల్ సర్కిల్లో రేసు పెడతారు. అదీ ఏ ఊళ్ళో? కొండ ఘాట్ రోడ్డు మీద పైకి 28 నిమిషాలకు, కిందికి 40 నిమిషాలకు ముందు చేరితే జరిమానా కట్టమనే ఊళ్ళో.

చట్టం సంగతి మా ఆయనకు తెలుసు. అనుమతి లేకుండా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, కుదిరితే ఆరు నెలల దాకా జైలు. పాల లెక్క రాసే పుస్తకంలో నేను కూడిక మొదలుపెట్టి, నంబరు ప్లేటు దగ్గరికొచ్చేసరికి పెన్ను మూసేశాను. అందుకే బండి గేటు దాటి రోడ్డెక్కదు. టాటా ఏస్ ఎక్కి, తాళ్ళు కట్టించుకుని, శ్రీపెరంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు పోతుంది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, ఎదురొచ్చే బస్సు లేదు, కుక్క లేదు, చీర లేదు. నిన్ను తీయడం అక్కడ న్యాయమేనని ఒప్పుకో. లైసెన్సు వేరే తీసుకోవాలి, డాక్టరు సర్టిఫికెట్టు పెట్టాలి, మెడ నుంచి మడమ దాకా తోలు తొడగాలి. మే నెలలో! దారి మాత్రం పుత్తూరు మీదుగా. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోను ఊళ్ళూళ్ళ నుంచి జనం వచ్చే పుత్తూరు. "పొయ్యేటప్పుడు దిగొద్దులే, వచ్చేటప్పుడు చూద్దాం" అంది మా అత్తగారు, తెలిసినవాళ్ళ ఇంటికి పోయే లెక్కన.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బండికి 15 ఏళ్ళు నిండుతున్నాయి. రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలంటే ఆర్టీవో ఆఫీసులో చూపించాలి, అక్కడ అద్దం నుంచి నీ దాకా అందరూ హాజరు వేయించుకోవాల్సిందే. మా ఆయన రెండు రోజులుగా నిచ్చెన కోసం వెతుకుతున్నాడు. పిలవగానే దిగి రావద్దు. ముందు నీ తుప్పు గీకించి నల్ల రంగు వేయించమను. నా ఫుట్‌రెస్టులు నీతో పాటే ఎక్కాలని షరతు పెట్టు. నీ బోల్టులు పోపుల డబ్బాలో మెంతుల కింద దాచాను, అడిగితే తెలియదని చెబుతాను.

ఇట్లు,
వెనక సీటు అక్క

తా.క.: నీ పక్కనున్న పాత సైలెన్సరుకు ఈ ఉత్తరం చదివి వినిపించు. దాన్ని కూడా పిలుస్తారు. అది నీలాంటిది కాదు, అడిగిన వెంటనే దిగే రకం.