ఏడు నిమిషాల స్వాగత నృత్యంతో దేశానికి పేరు రాదు

2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా ఎంబసీ వాళ్ళు నాటు నాటు పాటకి స్టెప్పులేసి వీడియో పెట్టారు, గుర్తుండే ఉంటుంది. రాయబారి గారు కూడా స్టాఫ్‌తో కలిసి వేశారు, ప్రధాని గారు మెచ్చుకుంటూ ట్వీట్ చేశారు, ఇక్కడ విజయవాడలో మా కాలనీ గ్రూపు, చుట్టాల గ్రూపు, స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపు అన్నిట్లోనూ అదే వీడియో. అందరూ పొంగిపోయారు, నేనూ పొంగిపోయా, అందులో తప్పేం లేదు. కానీ ఆ వీడియోతో ఎవరికి పేరొచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. మనకి కొంత, వాళ్ళకి బోలెడంత. మన పాట నేర్చుకుని, మన గడ్డ మీదే ఆడి, మన జనం మనసులో చోటు సంపాదించుకున్నారు. ఇంకో సంగతి ఏంటంటే ఆ పాట ఏ మంత్రిత్వ శాఖో ఆర్డరిచ్చి రాయించింది కాదు. సినిమా కోసం రాసుకున్నారు, జనం నెత్తిన పెట్టుకున్నారు, ప్రభుత్వాలన్నీ ఆ తర్వాతే వచ్చి పక్కన నిలబడి ఫోటో దిగాయి, మార్చిలో ఆస్కార్ కూడా వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర బయటి దేశాల వాళ్ళు ఎవరైనా వస్తున్నారంటే చాలు, అధికారులకి మొట్టమొదట గుర్తొచ్చేది స్వాగత నృత్యం. కూచిపూడి పిల్లలు పదిమందిని పిలవండి, ఏడు నిమిషాలు చాలు, అవ్వగానే దీప ప్రజ్వలన. దాంతో మన సంస్కృతిని ప్రపంచానికి చాటాం అని మర్నాడు పేపర్లో వస్తుంది. నాకు దీని మీద చాలా కోపం ఉంది, దాచుకోను.

మా అక్క కూతురు గుంటూరులో చిన్నప్పట్నుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది. ఆమధ్య విదేశీ ప్రతినిధులు వస్తున్నారని విజయవాడలో ఒక పెద్ద హోటల్లో వీళ్ళ బ్యాచ్‌తో ప్రోగ్రాం పెట్టారు. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రాం అయితే మధ్యాహ్నం నుంచే మేకప్, నేనే దగ్గరుండి సవరం పెట్టి జడ అల్లా, రాకొడి, సూర్యవంక, చంద్రవంక అన్నీ పిన్నులతో బిగించేసరికి పిల్ల కళ్ళల్లో నీళ్ళు. తరంగం చెయ్యమని వాళ్ళే అడిగారు, పళ్ళెం మీద చేసేది కదా, ఫోటోకి బాగుంటుందని. తీరా వెళ్తే స్టేజి నిండా ఎర్ర కార్పెట్. కార్పెట్ మీద ఇత్తడి పళ్ళెం కదలదండీ, కాలివేళ్ళతో అంచు పట్టి జరపాలంటే కింద గచ్చో చెక్కో ఉండాలి. మాస్టారు వెళ్ళి బతిమాలితే, డెకరేషన్ పాడవుతుంది, పళ్ళెం మీద నిలబడి చేసేయమనండి అన్నారు. సరే అని మొదలుపెడితే కింద టేబుళ్ళ దగ్గర సూప్ వడ్డిస్తున్నారు, ఒక్కళ్ళు తలెత్తి చూస్తే ఒట్టు, ఈలోపు పెద్దమనిషి ఎవరో వచ్చారని జతి మధ్యలో పాట కట్ చేసేశారు. పిల్ల కిందకొచ్చి నాతో అన్న మాట, "పిన్నీ, తీర్మానం వెయ్యకుండానే ఆపేశారు". తీర్మానం అంటే జతిని, అంటే ఆ అడుగుల వరుసని, ముగించే ముక్క. జీవితంలో ఎప్పుడూ అలా మధ్యలో వదిలేసి స్టేజి దిగలేదది. శాలువా ఇచ్చారు, పులిహోర ప్యాకెట్ ఇచ్చారు, పారితోషికం అన్న మాటే లేదు, దేశం కోసం చేశారు కదా అన్నారు.

దేశం కోసం అనే ఈ మాట ఎక్కడైనా ఇలాగే వాడతారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఓపెనింగ్ చూసి ప్రపంచం నోరెళ్ళబెట్టింది, 2008 మంది కలిసి డప్పులు కొట్టారు, అంతా గొప్పగానే ఉంది. ఎర్ర గౌనులో ముద్దుగా నిలబడి పాట పాడిన పాప గుర్తుందా? ఆ గొంతు ఆ పాపది కాదు. పాడింది ఇంకో చిన్నపిల్ల, ఏడేళ్ళది, కెమెరాలో అందంగా కనపడదని వెనక ఉంచేశారు, దేశ ప్రయోజనం కోసమే అలా చేశామని సంగీత దర్శకుడే తర్వాత రేడియోలో చెప్పాడు. అంత ఖర్చు పెట్టి చేసిన వేడుకలో ఇప్పటికీ చాలామంది ముందుగా తలుచుకునేది ఆ పాప సంగతే. మేడిపండు వ్యవహారం ఎంత పెద్ద స్టేజి మీదైనా బయటపడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ అమెరికాది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో రష్యా వాళ్ళు బోల్షోయ్ బాలేని 1956లో లండన్‌కి, 1959లో న్యూయార్క్‌కి పంపిస్తే, అమెరికా విదేశాంగ శాఖ అక్కడి నల్లవాళ్ళ దగ్గర పుట్టిన జాజ్ సంగీతాన్ని దేశదేశాలకీ పంపించింది. డిజ్జీ గిలెస్పీ 1956లో, డేవ్ బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎలింగ్టన్ 1963లో, చివరి ఇద్దరూ మన దేశం కూడా వచ్చి వాయించి వెళ్ళారు. అమెరికాలో నల్లవాళ్ళకి బస్సులో సీటు ఇవ్వరు, హోటల్లో గది ఇవ్వరు, బయట దేశాల్లో మాత్రం మా దేశం ఎంత స్వేచ్ఛగా ఉందో చూడండని వాళ్ళ చేతే వాయించాలి. 1957లో ట్రంపెట్ వాయించే నల్ల కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని సోవియట్ యూనియన్‌కి పంపాలని మాటలు నడుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఆర్కాన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్ హైస్కూల్లోకి తొమ్మిది మంది నల్ల పిల్లల్ని రానివ్వకుండా అక్కడి గవర్నర్ నేషనల్ గార్డ్ సైనికుల్ని గేటు దగ్గర నిలబెట్టాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే ఎప్పుడూ నవ్వుతూ రుమాలుతో చెమట తుడుచుకుంటూ కనపడే మనిషి, రాజకీయం జోలికి పోడని అందరి నమ్మకం. ఆ మనిషి ఒక కుర్ర రిపోర్టర్ దగ్గర బద్దలైపోయాడు, మా వాళ్ళని ఇలా చూస్తుంటే ఈ ప్రభుత్వం ఏ గంగలో దూకితే నాకేంటి, నేను రష్యా వెళ్ళను అనేశాడు. కొన్ని రేడియో స్టేషన్లు ఆయన రికార్డులు వెయ్యడం మానేశాయి. మాట వెనక్కి తీసుకోలేదాయన. కొద్ది రోజులకే ప్రెసిడెంట్ ఐజెన్‌హోవర్ సైన్యాన్ని పంపి ఆ పిల్లల్ని స్కూల్లోకి తీసుకెళ్ళేలా చేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ మాట వల్లే జరిగిందని నేననను, దానికి చాలా కారణాలున్నాయి. కానీ 1960లో అదే ఆర్మ్‌స్ట్రాంగ్ అదే ప్రభుత్వం తరఫున ఆఫ్రికా వెళ్తే కాంగోలో జనం ఊరేగించారు, నా లెక్కలో ఆ ఆదరణలో ట్రంపెట్‌కి ఎంత వాటా ఉందో 1957లో ఆ మాట అన్న నోటికీ అంత ఉంది. ఇక రష్యా వాళ్ళేమో ఆర్టిస్టుల వెనక నిఘా పెట్టి మరీ పంపించేవాళ్ళు, అయినా 1961లో బాలే డాన్సర్ నురేయెవ్ పారిస్ ఎయిర్‌పోర్టులో తప్పించుకుని నేను వెనక్కి వెళ్ళనన్నాడు. బాలే టూర్లన్నిటితో వచ్చిన మంచిపేరు మీద అదొక్కటే ఎంత దెబ్బ కొట్టిందో.

ఇక్కడ మా బావగారు ఒకటే అంటారు. ఇంటి గుట్టు లంకకి చేటు, మన లోపాలు మనం మనం మాట్లాడుకోవాలి గానీ బయటివాళ్ళ ముందు పెడితే పెట్టుబడులు ఎలా వస్తాయి, టూరిస్టులు ఎలా వస్తారు అని. ఆయన్ని తీసిపారేయను, మనసులో దేశం మీద ప్రేమ ఉన్న మనిషే. కానీ ఇదే మాట 1980లో రాజ్యసభలో నటి నర్గీస్ గారు బెంగాలీ సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ మీద అన్నారు, మన పేదరికాన్ని విదేశాలకి ఎగుమతి చేస్తున్నాడని. ఇప్పుడు చెప్పండి, ప్రపంచంలో ఏ మూల సినిమా తెలిసినవాళ్ళని అడిగినా ఇండియా అనగానే మర్యాదగా తలుచుకునే పేరు ఎవరిది? ఆయన మొదటి సినిమాకి డబ్బు పెట్టింది బెంగాల్ ప్రభుత్వమే, 1956లో కాన్స్‌లో అవార్డు వచ్చింది, అందులో మేడలూ లేవు మిద్దెలూ లేవు, వాన చుక్క ఆగని ఇల్లు ఉంది.

కొరియా సంగతే తీసుకోండి, మనవాళ్ళు మాటకి ముందు కొరియా మోడల్ అంటారు కదా. నిజమే, వాళ్ళు 1999లోనే సాంస్కృతిక పరిశ్రమల కోసం చట్టం చేసుకుని డబ్బు పెట్టారు. మనవాళ్ళు చెప్పని సగం ఏంటంటే, అదే దేశంలో అధ్యక్షురాలు పార్క్ గున్ హే ప్రభుత్వం తనకి నచ్చని ఆర్టిస్టుల బ్లాక్‌లిస్టు తయారుచేసింది, 9,000 పైచిలుకు పేర్లు, 2016లో బయటపడింది, ఆమె పదవి పోయిన గొడవల్లో అదీ ఒకటి. ఆ లిస్టులో సినిమా దర్శకుడు బాంగ్ జూన్ హో పేరు ఉంది. 2020లో నాలుగు ఆస్కార్లు పట్టుకొచ్చింది ఆయనే, అది కూడా సగం నేలలోకి దిగిపోయిన ఇళ్ళల్లో మురుగునీళ్ళ మధ్య బతికే కుటుంబం కథతో. పరువు తీస్తాడని లిస్టులో రాసుకున్న మనిషే పరువు తెచ్చాడు.

ఇవన్నీ పరాయి కథలంటారేమో, మన కూచిపూడి కథే చూడండి. కడప జిల్లా మాచుపల్లి కైఫీయత్తులో, అంటే ఆ ఊరి పాత చరిత్ర రికార్డులో, రాసి ఉంది, 16వ శతాబ్దం మొదట్లో సంగతి. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలే సమ్మెట గురవరాజు పన్నులు కట్టని వాళ్ళ ఆడవాళ్ళని పట్టించి చెప్పరాని హింసలు పెట్టేవాడు. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు అది చూసి, నేరుగా విజయనగరం వెళ్ళి వీర నరసింహరాయల ముందు ప్రదర్శనకి అనుమతి అడిగారు. రాజుగారి ముందు దేవుడి కథ ఆడలేదు. ఒకాయన గురవరాజు వేషం, ఇద్దరు భటులు, ఇంకొకాయన ఆడవేషం, చూసింది చూసినట్టు ఆడి చూపించారు. రాజుగారు ఏంటిదని ఆరా తీసి, సైన్యాన్ని పంపించి గురవరాజుని పట్టించి చంపించాడు. విదేశీ అతిథులు ఏదీ అడగరు గానీ, ఈ నృత్యం గురించి ఒక్క ముక్క చెప్పమంటే మన యాంకర్లు చెప్పాల్సింది ఈ కథ. ఎప్పుడన్నా విన్నారా ఏ స్టేజి మీదన్నా? 2016 డిసెంబర్‌లో ఇదే విజయవాడ మున్సిపల్ స్టేడియంలో వేలమంది ఒకేసారి కూచిపూడి చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు, ఆ పిల్లల కష్టానికి దండం పెడతా, కానీ ఎంతమంది చేశారన్న లెక్క ప్రపంచానికి ఇచ్చాం గానీ ఆ కళకి ఎంత ధైర్యం ఉండేదో చెప్పలేదు.

గుంటూరు పక్కన పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారి బుర్రకథ కూడా అంతే. బుర్రకథలో ముగ్గురుంటారు, మధ్యలో తంబూరా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఊళ్ళో జరిగే అన్యాయం మీద మాట విసరడానికి ఒక మనిషినే కేటాయించిన కళ అది, ఇలాంటిది ప్రపంచంలో ఎన్ని చోట్ల ఉందో చెప్పండి. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చాం, ఆ కళనేమో పథకాల ప్రచారానికి పరిమితం చేశాం, రాజకీయం వంత ఇప్పుడు కాగితం చూసి లబ్ధిదారుల సంఖ్య చదువుతున్నాడు. వింటుంటే గుండె మండిపోతుంది.

అధికారులు, ఈవెంట్ చేసేవాళ్ళు ఎవరన్నా చదువుతుంటే చెప్తున్నా, ఈసారి బయటి దేశాల వాళ్ళొస్తే డిన్నర్‌కి ముందో తర్వాతో ముప్పావుగంట విడిగా ఇవ్వండి, ఆ టైంలో వడ్డన ఆపండి. పెన్ డ్రైవ్ పాట వద్దు, మృదంగం, వయొలిన్, తాళాలతో జతులు చెప్పే నట్టువాంగం పెట్టించండి, పూల డెకరేషన్‌కి అయ్యే దాంట్లో ఒక వంతు చాలు. కార్పెట్ తీసెయ్యండి. ఏ అంశం చెయ్యాలో మాస్టారికి వదిలెయ్యండి, ముందే స్క్రిప్టు తెప్పించుకుని మాటలు కొట్టెయ్యొద్దు. పక్కన అనువాదం చెప్పే మనిషిని పెట్టి బుర్రకథ చెప్పించండి, రాజకీయం వంత ఏమంటే అది అననివ్వండి, మిమ్మల్ని అన్నా సరే. పిల్లలకి డబ్బులు ఆ రాత్రే ఇచ్చి పంపండి.